చైనా పల్లెల్లో ముస్లిం కుటుంబాలు భోజనానికి పిలిస్తే ఏం చెయ్యాలి? (లిన్‌షియా, షున్‌హువా రూట్)

సీతమ్మధార_సంచారి:
అందరికీ నమస్కారం. వచ్చే మే నెలలో నలుగురం వైజాగ్ నుంచి చైనా వాయవ్యం వైపు వెళ్దామనుకుంటున్నాం. లాన్‌జౌలో దిగి, లిన్‌షియా, దోంగ్‌షియాంగ్ కొండలు, షున్‌హువా చూసుకుని షినింగ్‌లో ముగించాలని ప్లాన్. చైనా గోడ, షాంఘై, షియాన్ మట్టి సైనికుల బొమ్మలు మా లిస్టులో లేవు. పల్లెల్లో హుయ్, సలార్ అనే ముస్లిం జాతుల కుటుంబాలను కలవాలన్నదే అసలు ఉద్దేశం. వాళ్లు అతిథిని చూసుకునే తీరు గురించి వీడియోల్లో అందరూ పొగుడుతున్నారు గానీ, పిలిస్తే ఎలా వెళ్లాలో, ఎలా కూర్చోవాలో ఒక్కరూ చెప్పట్లేదు.

ఇంట్లో రాత్రికి ఉండమంటే ఉండొచ్చా? టీ దగ్గర, భోజనం దగ్గర తప్పక తెలియాల్సినవేంటి? మాలో ఇద్దరు బీఫ్ తినరు, ఒకరు పూర్తి శాకాహారి, ఒకరు ముస్లిం. అందరికీ కుదురుతుందా? ఇక్కడి నుంచి ఏం పట్టుకెళ్తే బాగుంటుంది? చైనీస్ ఎవరికీ రాదు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

పోర్ట్_గేట్_7:
ముందు రాత్రి బస సంగతి తేల్చుకోండి, మిగతా ప్లానంతా దాని మీదే ఆధారపడి ఉంది. 2013 జులై నుంచి అమల్లో ఉన్న చైనా ఎంట్రీ, ఎగ్జిట్ చట్టం ప్రకారం విదేశీయులు హోటల్లో దిగితే హోటలే పోలీసు రిజిస్ట్రేషన్ చేస్తుంది. ఎవరింట్లోనైనా ఉంటే 24 గంటల్లోపు దగ్గరలోని పోలీస్ స్టేషన్‌లో నమోదు చేయించుకోవాలి. చేయించకపోతే హెచ్చరికతో పాటు 2,000 యువాన్ల వరకు జరిమానా వెయ్యొచ్చు. నమోదు అంటే మీరొక్కరే వెళ్తే పని అవ్వదు. ఇంటాయన తన గుర్తింపు కార్డు, ఇంటి రిజిస్టర్ పట్టుకుని మీతో రావాలి. పల్లె స్టేషన్‌లో భారతీయ పాస్‌పోర్టు ఎప్పుడూ చూడని ఉద్యోగి ఉంటే ఒక పూట అక్కడే గడిచిపోతుంది, ఆఖరికి "కౌంటీ టౌన్ హోటల్లో దిగండి" అనొచ్చు. మీరు వెళ్లిపోయాక కూడా ఆ ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాల్సింది ఆ ఇంటాయనే.

అందుకని భోజనానికి పిలిస్తే వెళ్లండి, టీకి పిలిస్తే వెళ్లండి, పడుకోవడానికి మాత్రం హోటల్‌కు వచ్చెయ్యండి. "హోటల్లో రిజిస్టర్ అయిపోయింది" అంటే ఎవరూ నొచ్చుకోరు, పరిస్థితి వాళ్లకు మనకంటే బాగా తెలుసు. పల్లె వాతావరణంలోనే పడుకోవాలంటే నోంగ్‌జ్యాలె అనే పల్లెటూరి బసలు ఉంటాయి. అవి డబ్బు తీసుకుని నడిపేవి. విదేశీయులను రిజిస్టర్ చేస్తారో లేదో బుక్ చేసే ముందే అడగండి. చిన్న కౌంటీల్లో కొందరు హోటల్ రిసెప్షన్ వాళ్లకు పాస్‌పోర్టును కంప్యూటర్‌లో ఎలా ఎక్కించాలో తెలియదు. సాయంత్రం ఏడింటికి బ్యాగులతో వెళ్లి నిలబడేకంటే ముందురోజే ఫోన్ చేయించడం నయం.

వీసా: మనకు తప్పనిసరి. కొన్ని దేశాలవాళ్లకు వీసా లేకుండా ఇచ్చే 240 గంటల ట్రాన్సిట్ జాబితాలో భారత్ లేదు. ఫ్లైట్: కోల్‌కతా-గ్వాంగ్‌జౌ ఇండిగో సర్వీసు 2025 అక్టోబర్‌లో మళ్లీ మొదలైంది. వైజాగ్ వాళ్లకు కోల్‌కతా దారి సులువు. గ్వాంగ్‌జౌ నుంచి లాన్‌జౌకి ఇంకో ఫ్లైట్. లాన్‌జౌ నుంచి లిన్‌షియా బస్సులో గానీ షేర్ కారులో గానీ రెండు మూడు గంటలు. లిన్‌షియా నుంచి షున్‌హువా దారి జిషిషాన్ కొండల మీదుగా పోతుంది. కొండ వాలు, మట్టిపెళ్లలు, రోడ్డు పనులు ఉంటాయి కాబట్టి ఆ రోజు ఇంకే పనీ పెట్టుకోకండి.

మనది సముద్రమట్టం. లాన్‌జౌ సుమారు 1,500 మీటర్లు, లిన్‌షియా 1,900, షినింగ్ 2,200 పైనే. ఆయాసం పెద్దగా రాదు గానీ గాలి పొడి, పెదాలు పగులుతాయి. మేలో కూడా రాత్రి స్వెటర్ ఉండాలి. దేశమంతటికీ బీజింగ్ టైమే, మనకంటే రెండున్నర గంటలు ముందు. అక్కడ పొద్దు ఆలస్యంగా పొడుస్తుంది, ఆలస్యంగా కుంకుతుంది. "రేపు ఎనిమిదింటికి" అని ఎవరైనా అంటే వాళ్ల లెక్కన అది చాలా పొద్దున్నే.

యూపీఐ పని చెయ్యదు. అలీపే యాప్‌లో వీసా లేదా మాస్టర్‌కార్డ్ ఇక్కడే జతచేసుకుని వెళ్లండి, కార్డు ఓటీపీ ఇండియా నంబర్‌కు వస్తుంది కాబట్టి ఆ సిమ్ రోమింగ్‌లో ఉంచండి. అక్కడి సిమ్ మీద గూగుల్, వాట్సాప్ తెరుచుకోవు, మన రోమింగ్ డేటా మీద తెరుచుకుంటాయి. పల్లెల్లో ముసలివాళ్ల దుకాణాల కోసం చిల్లర నోట్లు కొంచెం ఉంచుకోండి. చైనీస్ అనువాదం ఆఫ్‌లైన్ ప్యాక్ ఫోన్‌లో దించుకోవడం మర్చిపోవద్దు. కొండల మధ్య సిగ్నల్ పోయినప్పుడు అదే దిక్కు.

కంచరపాలెం_చాయ్:
నేను టీ, భోజనం వరకు చెప్తాను. మర్యాదంతా అక్కడే తెలుస్తుంది.

మొదట, పిలుపు నిజమైనదా మాటవరసదా అన్నది. "రండి, తినివెళ్లండి" అని మొదటిసారి అనడం పలకరింపులో భాగం. నవ్వి వద్దనండి. రెండోసారి అంటే "మీకెందుకు శ్రమ" అనండి. మూడోసారి కూడా అంటూ చెయ్యి పట్టుకుని నడవడం మొదలుపెట్టినా, ఇంటికి ఫోన్ చేసినా అది అసలైన పిలుపు, ఇక వెళ్లాల్సిందే. మొదటి మాటకే తలూపితే ఇంట్లో ఏర్పాటు లేక ఇబ్బంది పడేది వాళ్లు.

ఇంట్లోకి వెళ్లాక అతిథుల కోసం ఉంచే ముఖ్యమైన గదిలోకి తీసుకెళ్తారు. అక్కడ కాంగ్ ఉంటుంది, అంటే కింద నిప్పు పెట్టి వేడిచేసే ఇటుకల అరుగు. చెప్పులు విప్పి ఎక్కాలి. వయసులో పెద్దవాళ్లు కూర్చున్నాకే మనం కూర్చోవాలి. గోడవారన మడిచి పేర్చిన బొంతల మీద ఆనుకోకూడదు. మధ్యలో చిన్న బల్ల వేస్తారు, దాన్ని దాటి అడుగు వెయ్యకూడదు.

చేతులు కడుక్కోవడానికి కూజాతో నీళ్లు పోస్తారు. పారే నీళ్లతోనే కడగడం వాళ్ల పద్ధతి. గిన్నెలో నిల్వ నీళ్లలో చేతులు ముంచకండి. కడిగాక చేతులు విదిలించకుండా తువ్వాలుతో తుడుచుకోండి. మనం అలవాటుగా విదిలించేస్తాం, అక్కడ అది మొరటుతనం.

ఇక గైవాన్ టీ. మూత, గిన్నె, కింద సాసర్, మూడు భాగాలు. దీన్నే సాన్‌పావ్‌తాయ్ అంటారు. గిన్నెలో టీ ఆకు, కలకండ, ఎర్ర ఖర్జూరం, ఎండు లోంగన్ (లీచీ లాంటి పండు), గోజీ పండ్లు, కిస్మిస్, కొన్ని ఇళ్లలో వాల్‌నట్, నువ్వులు వేసి, మీ కళ్లముందే మూత తీసి సలసల కాగే నీళ్లు పోస్తారు. అలా ఎదురుగా పొయ్యడంలో ఇది మీ కోసమే కొత్తగా పెట్టిన గిన్నె, ఎవరిదో మిగిలినది కాదు అని చూపించడం ఉంది. రెండు చేతులతో ఇస్తారు, రెండు చేతులతోనే అందుకోండి. మూడు నాలుగు నిమిషాలు ఆగాలి, వెంటనే తాగితే వట్టి వేడినీళ్లే.

తాగే పద్ధతి ఇదీ. సాసర్‌ను గిన్నెతో సహా ఎడమ అరచేతిలో పెట్టుకోండి. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలితో మూత బొడిపె పట్టుకుని, మూత అంచుతో నీటి పైభాగాన్ని మీ వైపు నుంచి అవతలికి మెల్లగా గీకండి. తేలే ఆకులు, పండ్లు పక్కకు పోతాయి, అడుగున కలకండ కదిలి కరుగుతుంది. మూత కొద్దిగా వాల్చి, ఆ సందులోంచి చప్పరించండి. నోటితో ఉఫ్‌మని ఊదకూడదు, మూత తీసి బల్ల మీద బోర్లించకూడదు. ఒక్క గుక్కలో ఖాళీ చెయ్యకూడదు కూడా. కలకండ నెమ్మదిగా కరుగుతుంది కాబట్టి మొదటి నీళ్లలో ఆకు రుచి, రెండో నీళ్లలో తీపి, ఆ తర్వాత పండ్ల రుచి వస్తాయి. మొదటిదానికే "చాలు" అనేసేవాళ్లు ఈ టీలో మంచి భాగాన్ని వదులుకున్నట్టే.

గిన్నె తగ్గుతుంటే ఇంటివాళ్లు నీళ్లు పోస్తూనే ఉంటారు. మీరు తాగుతూనే ఉంటే వాళ్లు పోస్తూనే ఉంటారు, దీనికి అంతు లేదు. ఇక చాలు అనుకుంటే గిన్నెలో నీరు పూర్తిగా తాగి, అరచెయ్యి గిన్నె మీద కప్పండి, లేదా అడుగున ఉన్న ఖర్జూరం తీసి తినెయ్యండి. అది చూసి ఆపుతారు. సగం గిన్నె వదిలేసి "వద్దు వద్దు" అంటే మొహమాటం అనుకుని ఇంకా పోస్తారు.

భోజనం వరస చాలామందిని బోల్తా కొట్టిస్తుంది. టీతో పాటు సాన్‌జీ (సన్నటి తీగల్లా చుట్టి వేయించిన పిండి), యోషియాంగ్ (పులియబెట్టిన పిండితో నూనెలో వేయించిన గుండ్రటి రొట్టె), పండ్లు, గింజలు వస్తాయి. అదే భోజనమనుకుని కడుపు నింపేసుకుంటారు. తర్వాత కూరలు, ఆ తర్వాత షౌజువా, అంటే పెద్ద ముక్కలుగా ఉడికించిన వేటమాంసం, ఆఖర్న నూడుల్స్ గానీ సూప్ గానీ. మాంసం వచ్చేసరికి చెయ్యి ఆగిపోతే ఇంటాయనకు చిన్నతనం, ఎందుకంటే అదే ఆయన పెట్టేది. సాన్‌జీ ఒక చిన్న తునక, యోషియాంగ్ పావు ముక్క చాలు.

యోషియాంగ్‌ను పండగ రొట్టెగా, కాస్త పవిత్రంగా చూస్తారు. మంచి వైపు పైకి ఉండేలా పట్టుకుని చేత్తో తుంచి తినండి, మొత్తంగా పట్టుకుని కొరకకండి. బోర్లా పెట్టకండి, ముక్క కింద పడెయ్యకండి. వెళ్లేటప్పుడు రెండు మూడు సంచిలో పెట్టి ఇస్తే తీసుకోండి.

షౌజువాలో మసాలా ఉండదు. ఉప్పు, మిరియాల పొడి, పచ్చి వెల్లుల్లి రెబ్బలు పక్కన పెడతారు. మాంసం ఒక కొరుకు, వెల్లుల్లి ఒక కొరుకు. మన నాలుకకు చప్పగా అనిపించొచ్చు గానీ కొండ గొర్రె మాంసం రుచి అలాగే తెలుస్తుంది. పక్కటెముకల ముక్క మీకు పెడితే అది గౌరవం, పక్కవాడికి తోసెయ్యకండి. దోంగ్‌షియాంగ్ అనే ముస్లిం జాతివాళ్ల ఇళ్లలో కోడిని 13 ముక్కలు చేసి, తోక ముక్కను పెద్ద అతిథికి పెడతారు. మన దగ్గర ఆ ముక్క కోసం ఎవరూ కొట్టుకోరు, అక్కడ మాత్రం దాన్ని వద్దంటే పెద్దరికం వద్దన్నట్టే.

తినడం మొదలయ్యేది ఇంటి పెద్ద "బిస్మిల్లా" అన్నాకే. చివర్లో చేతులెత్తి దువా చేసి ముఖం తుడుచుకుంటారు. మీరు చెయ్యనక్కర్లేదు, ఆ నిమిషం కదలకుండా కూర్చుంటే చాలు. దువా కాకుండానే ఫోన్ తీసి లేవడం బాగోదు.

సీతమ్మధార_సంచారి:
చాలా థాంక్సండి, ఇంత వివరం ఎక్కడా దొరకలేదు. బీఫ్, శాకాహారం సంగతి ఎవరైనా చెప్పండి. ఒక ఫ్రెండ్ "సలామ్ అలైకుం అనెయ్, అన్ని తలుపులూ తెరుచుకుంటాయి" అంటున్నాడు. నిజమేనా?

చినవాల్తేరు_వంటగది:
బీఫ్ విషయంలో లాన్‌జౌలోనే జాగ్రత్త మొదలవ్వాలి. అక్కడ పొద్దున్న ఊరంతా తినేది బీఫ్ నూడుల్స్. ముక్కలు తీసెయ్యమంటే తీసేస్తారు గానీ రసమే గొడ్డు ఎముకలది. కాబట్టి "ముక్కలొద్దు" అన్నది మీ ఇద్దరికీ సరిపోదు, ఆ గిన్నే వదిలెయ్యాలి. అదృష్టవశాత్తు వేటమాంసానికి కరువు లేదు. గొర్రెమాంసం మియాన్‌పియెన్ (చేత్తో తుంచి వేసే పిండి బిళ్లలు), షౌజువా, మాంసం చీకులు ఎక్కడైనా దొరుకుతాయి. ఒక్క మాట నేర్చుకోండి: "వో బు చి న్యూ రౌ", బీఫ్ తినను అని. వినేవాళ్లకు మన ఉచ్చారణ అర్థం కాకపోవచ్చు, ఫోన్‌లో చైనీస్ లిపిలో రాసి పెట్టుకుని చూపించండి.

దీనికి కారణం అడుగుతారు. "మా ఇంటి ఆచారం" అంటే చాలు. ఆచారం అనే మాటకు అక్కడ విలువ ఎక్కువ, వాళ్లే తమ తిండి ఆచారాన్ని రోజూ చుట్టుపక్కలవాళ్లకు వివరించుకునే మనుషులు.

శాకాహారి సంగతి ఇంకొంచెం కష్టం. "మాంసం తినను" అంటే కనిపించే ముక్కలు తీసేసి, గొర్రె కొవ్వులో వేయించిన కూర పెడతారు, వాళ్ల దృష్టిలో అది మాంసం కాదు. అందుకని నాలుగు ముక్కలు విడివిడిగా రాయించుకోండి: మాంసం వద్దు, మాంసం రసం వద్దు, జంతువుల కొవ్వు వద్దు, గుడ్డు సరేనా కాదా. ఈ సంగతి పిలుపు ఒప్పుకునేటప్పుడే చెప్పాలి. పళ్లెం ముందు కూర్చున్నాక చెప్తే అప్పటికే గొర్రె తెగి ఉంటుంది.

శాకాహారికి దొరికేవి: టొమాటో గుడ్డు వేపుడు (గుడ్డు తింటే), సన్నగా తరిగిన బంగాళదుంప వేపుడు, న్యాంగ్‌పీ అనే చల్లటి పిండి పట్టీలు (కారం నూనె, వెనిగర్‌తో), జ్యాంగ్‌ష్వెయ్ నూడుల్స్, అంటే పులియబెట్టిన ఆకుకూర నీళ్లతో చేసే పుల్లటి నూడుల్స్. ఇది వేసవి తిండి, ఆవకాయ నాలుకకు బాగానే ఎక్కుతుంది. యోషియాంగ్, సాన్‌జీ మామూలుగా అవిసె నూనెలోనో ఆవ జాతి నూనెలోనో వేగుతాయి. సాన్‌జీలో గుడ్డు పడొచ్చు. తీపి ఓట్స్‌తో చేసే త్యెన్‌పెయ్‌జీ కొద్దిగా పులిసి ఉంటుంది, పట్టింపు ఉన్నవాళ్లు గుర్తుంచుకోండి.

కారం లేకపోతే ఉండలేం అనుకుంటే షున్‌హువాలో బతికిపోతారు. ఆ లోయ సన్నటి పొడుగు మిరపకాయలకు, చైనా మిరియాలకు పేరు. మీ ఆవకాయ సీసా మాత్రం హోటల్ గదిలోనే ఉంచండి. చింగ్‌జెన్ (హలాల్) బోర్డు ఉన్న హోటళ్లలోకి బయటి తిండి తీసుకెళ్లకూడదు, అది శాకాహారమా కాదా అన్న ప్రశ్నే రాదు. వాళ్లకు తెలియని గిన్నె వాళ్ల బల్ల మీదకు రాకూడదు, అంతే. బీరు డబ్బా సంచిలో ఉన్నా బయటే. పంది ప్రస్తావన అసలు తేవద్దు, జోకుగా కూడా.

దర్గాకొండ_దారి:
సలామ్ గురించి. ముస్లిం మిత్రుడు అనొచ్చు, అనాలి కూడా, ఎవరు విన్నా ముఖం వెలిగిపోతుంది. మిగతా ముగ్గురు అంటే తప్పేం కాదు గానీ, వెంటనే మిమ్మల్ని ముస్లింలుగా అనుకుంటారు, నమాజుకు రమ్మంటారు, తర్వాత సర్దిచెప్పుకోవాలి. "నీ హావ్" అని కుడిచెయ్యి గుండె మీద పెట్టి తల కొంచెం వంచితే సరిపోతుంది. తలుపులు తెరవడానికి సలామే ఉండాలన్న మాట నేను ఒప్పుకోను. "యిందు" (ఇండియా) అని చెప్పండి, మిగతా ప్రశ్నలు వాళ్లే అడుగుతారు.

మీ మిత్రుడికి: అక్కడివాళ్లు మన దగ్గర ఎక్కువమందిలాగే హనఫీ సంప్రదాయం వాళ్లే, నమాజు తీరు కొత్తగా ఉండదు. ఇమామ్‌ను ఆహోంగ్ అంటారు, అలాగే పిలవండి. ఒకే ఊళ్లో పాతపద్ధతివాళ్లు, ఇహెవానీ అనే సంస్కరణ శాఖ వాళ్లు, సూఫీ శాఖల వాళ్లు వేర్వేరు మసీదులకు వెళ్తారు. "మీదే శాఖ?" అని ముఖం మీద అడగకండి, వాళ్ల మధ్య పాత గొడవలు చాలా ఉన్నాయి. విదేశీ ముస్లిం మసీదులో నమాజు చెయ్యడానికి అడ్డు లేదు. ప్రసంగించడం, పుస్తకాలు, కరపత్రాలు పంచడం మాత్రం చట్టవిరుద్ధం. సొంతానికి ఒక ముసహఫ్ (ఖురాన్ ప్రతి) ఉంటే సరే, పంచడానికి అని కట్టలు తీసుకెళ్లొద్దు.

లిన్‌షియాలో గోంగ్‌బెయ్‌లు తప్పక చూడండి. సూఫీ గురువుల సమాధులు, మన హార్బర్ పక్కన దర్గా కొండ మీద ఇషాక్ మదీనా దర్గా ఎలాగో అలా అనుకోండి. అన్నిటిలోకీ పెద్దది ద గోంగ్‌బెయ్, ఖాదిరియా శాఖకు చెందిన చీ జింగ్‌యీ (1656-1719) సమాధి. ఇటుక మీద చెక్కిన పువ్వులు, ద్రాక్ష తీగల పనితనం చూడటానికే ఒక పూట కేటాయించొచ్చు. పాత హుయ్ పేట బాఫాంగ్‌లోనూ ఆ ఇటుక పనే. ప్రార్థనా మందిరంలోకి చెప్పులు విప్పి, కాళ్లు చేతులు కప్పే బట్టలతో. ముస్లిమేతరులు ముందు కాపలాదారును అడగండి, చాలాచోట్ల ఆవరణ వరకే.

శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక ఆవరణలో పెద్దవాళ్లు కూర్చుని మాట్లాడుకుంటారు. పరిచయాలకు అంతకన్నా మంచి వేళ లేదు. నమాజు జరుగుతుండగా ఫొటోలు వద్దు.

మీ ప్లాన్ మే నెల అన్నారు. 2027లో బక్రీద్ మే 16 అటూ ఇటూగా పడుతుంది, ఊరిని బట్టి ఒకరోజు తేడా రావచ్చు. ఆరోజు ఇల్లిల్లూ తిరగడం ఆనవాయితీ. ప్రతి ఇంట్లో చిన్న తునకైనా తినాలి, కాబట్టి మొదటి ఇంట్లోనే ఆగకండి. బస్సులు, దుకాణాలు తగ్గుతాయి, టికెట్లు ముందే కొనుక్కోండి.

మాట్లాడకూడనివీ ఉన్నాయి. 2018 తర్వాత చాలా మసీదుల గుమ్మటాలు, మినార్లు తీసేసి చైనా పద్ధతి కప్పులు పెట్టారు, అరబిక్ బోర్డులు తీసేశారు. షినింగ్‌లోని దోంగ్‌గ్వాన్ పెద్ద మసీదు గుమ్మటాలు 2021లో పోయాయి. తేడా మీ కళ్లకే కనిపిస్తుంది. దాని గురించి ఇంటివాళ్లను గుచ్చి గుచ్చి అడగకండి, ఉయ్‌ఘర్ ముస్లింల ప్రాంతం షిన్‌జియాంగ్ గురించి కూడా. పిల్లలు అరబిక్ చదువుతున్నారా అని అసలే అడగొద్దు. మీకు కుతూహలం, వాళ్లకు జవాబు చెప్పుకోవాల్సిన విషయం. ఇంటాయన ముఖం, ఊరి పేరు కలిపి ఇంటర్నెట్‌లో పెట్టకండి. టీ గిన్నె ఫొటో పెట్టుకోండి, చాలు.

అల్లిపురం_అక్క:
మీ నలుగురిలో ఆడవాళ్లుంటే ఇది చదవండి, లేకపోయినా బహుమతుల భాగం పనికొస్తుంది.

లిన్‌షియా వైపు భోజనం దగ్గర మగవాళ్లు ఒక గదిలో, ఆడవాళ్లు ఇంకో గదిలో కూర్చోవడం మామూలే. వంటింటి వైపు పిలిస్తే వెళ్లండి, అసలు మాటలన్నీ అక్కడే. తలకు పల్చటి చున్నీ ఉంటే మంచిది, బలవంతం లేదు. సంప్రదాయంగా పెళ్లికాని అమ్మాయిలు ఆకుపచ్చ, పెళ్లయినవాళ్లు నలుపు, ముసలివాళ్లు తెలుపు తలముసుగు వేస్తారు, ఇప్పుడు అందరూ పాటించట్లేదు. పైన మగవాళ్లకు చెప్పిన "చెయ్యి పట్టుకుని నడిపించడం" మగవాళ్ల మధ్య మాటే. ఎదుటి మగవాళ్లకు మీరు ముందుగా చెయ్యి చాపకండి.

ఆడవాళ్ల కోసం విడిగా మసీదులు, ఆడ ఆహోంగ్‌లు ఉండే పద్ధతి చూడాలంటే హెనాన్ రాష్ట్రం వెళ్లాలి. కైఫెంగ్‌లో వాంగ్‌జియా సందులోని ఆడవాళ్ల మసీదు 1820 నాటిది. మీ రూట్‌లో మాత్రం అది అంతగా కనిపించదు.

బహుమతులు. భోజనానికి డబ్బు ఇవ్వడం అవమానం, చెయ్యకండి. లిన్‌షియా బజారులో పండ్లు, మంచి టీ ఆకు, కలకండ కొనుక్కెళ్తే అదే సరైన మర్యాద. జతల్లో కొనండి, ఒక్కటి ఇవ్వడం బాగోదు. గడియారం ఇవ్వకండి. మసీదుకో గోంగ్‌బెయ్‌కో ఇవ్వాలనిపిస్తే అక్కడి పెట్టెలో వెయ్యండి.

వైజాగ్ నుంచి అయితే సీలు వేసిన అరకు కాఫీ పొడి, ఏటికొప్పాక బొమ్మలు. బొమ్మల్లో దేవుళ్లవి, పెళ్లికూతురు పెళ్లికొడుకువి వద్దు, మనిషి బొమ్మ కొన్ని ఇళ్లలో పెట్టుకోరు. బొంగరాలు, గిలక్కాయలు, చిన్న లక్క డబ్బాలు తీసుకోండి, పిల్లలున్న ఇంట్లో అంతకన్నా మంచిది లేదు. మాడుగుల హల్వా మీద ఆశ పెట్టుకోకండి. వెన్న, పాల పదార్థాలు ప్రయాణికులు చైనాలోకి తెచ్చుకోవడం నిషేధం, నెయ్యి కారే డబ్బా కస్టమ్స్ దగ్గర ఆగిపోతే గొడవ. తాజా పండ్లు, విత్తనాలు కూడా అంతే. జెల్లీ మిఠాయిలు అసలు వద్దు, జెలటిన్ దేని నుంచి తీశారో ఎవరికీ తెలియదు.

సీతమ్మధార_సంచారి:
హల్వా రెండు కేజీలు చెప్పేశాం, ఇంట్లో తినేస్తాం లెండి. ఇంకొక్కటి: జిషిషాన్ వైపు చేతితో చేసిన కత్తులు బాగుంటాయని విన్నాం, కొనొచ్చా?

పోర్ట్_గేట్_7:
అవి బావ్‌ఆన్ అనే చిన్న ముస్లిం జాతివాళ్ల కత్తులు. జిషిషాన్‌లోని దాహెజియా చుట్టుపక్కల చేస్తారు, పిడి మీద ఎముక, ఇత్తడి పొదుగుతారు, పనితనం నిజంగా గొప్పది. కానీ రైలెక్కేముందు స్కానర్‌లో పట్టుకుంటారు, విమానంలో సరేసరి. కొరియర్‌వాళ్లు కూడా పదునున్న కత్తి అంటే వెనక్కి ఇస్తారు. చేసేచోట చూడండి, ఫొటో తీసుకోండి, కొనకండి. 2023 డిసెంబర్ 18 రాత్రి భూకంపం వచ్చింది ఈ జిషిషాన్‌లోనే. కొత్తగా కట్టిన ఇళ్ల వరసలు కనిపిస్తే కారణం అదే. ఆ సంగతి అడిగితే చెప్తారు, ఫొటోలు మాత్రం అడిగి తియ్యండి.

షున్‌హువాలో జియెజీ మసీదు, పక్కనే ఒంటె ఊట చూడండి. సలార్‌ల పూర్వీకులు సమర్‌ఖండ్ నుంచి ఒంటె మీద ఖురాన్ తెచ్చారని, ఆ ఒంటె ఆగినచోటే స్థిరపడ్డారని వాళ్ల కథ. వాళ్ల మాట తుర్కీ జాతికి చెందినది, దోంగ్‌షియాంగ్ వాళ్లది మంగోల్ కుటుంబం, హుయ్‌లు మాట్లాడేది చైనీసే. కాబట్టి ఫోన్ అనువాదం దోంగ్‌షియాంగ్ ముసలమ్మల దగ్గర పని చెయ్యదు, పక్కన బడికెళ్లే పిల్లాణ్ని కూర్చోబెట్టుకోండి, వాడు చైనీస్‌లోకి మారుస్తాడు.

రైలు టికెట్ పాస్‌పోర్టు నంబర్ మీదే ఇస్తారు. ఆటోమేటిక్ గేట్లు మన పాస్‌పోర్టును చదవకపోతే పక్కన మనిషి ఉండే గేటు నుంచి వెళ్లాలి. షినింగ్‌లో రైలు ఎక్కేరోజు స్టేషన్‌కు గంట ముందే చేరండి. పాస్‌పోర్టు జిరాక్స్ చూపిస్తే ఒప్పుకోరు, ఒరిజినల్ రోజంతా జేబులోనే ఉండాలి.